శుభలేఖ మధ్యలో ఏడుపు మొహం

పెద్దాయన నా పక్కకి కుర్చీ లాక్కుని కూర్చుని, మనవరాలి శుభలేఖ మేటర్ ఒక్కో మాటా చదివి చెబుతున్నారు. నేను కంప్యూటర్లో కొడుతున్నాను. గోత్రం అయింది, పెళ్లికొడుకు తాతగారి పేరు అయింది. "చి.ల.సౌ." అని కొట్టి పెళ్లికూతురి పేరు మొదలుపెట్టానో లేదో, తెరంతా నీలంగా అయిపోయింది. దాని మీద రెండు చుక్కలు, పక్కన ఒక వంకర గీత. ఏడుపు మొహం.

పెద్దాయన కళ్లజోడు సర్దుకుని చూశారు. "ఇదేంటమ్మాయ్, పిల్ల పేరు రాగానే ఏడుస్తోంది?" అన్నారు.

"కరెంటు హెచ్చుతగ్గులండి బాబాయ్‌గారూ" అని అబద్ధమాడాను. ఆయన గోడ మీద క్యాలెండర్ చూసి, "రాహుకాలం కూడా కాదే" అని గొణుక్కున్నారు. "రేపు తొమ్మిది దాటాక వస్తాను, అప్పుడు మొదట్నుంచీ కొడుదువుగాని" అంటూ లేచారు. మేటర్ రాసిన కాగితం కూడా నా బల్ల మీద వదల్లేదు. మడిచి జేబులో పెట్టుకుని మరీ వెళ్లారు.

అది 2022 జులై మొదటి వారం. ఆషాఢంలో ముహూర్తాలుండవు కాబట్టి డీటీపీ వాళ్లకి ఖాళీ అనుకుంటారు జనం. నిజానికి శ్రావణంలో పెళ్లిళ్లున్న వాళ్లంతా కార్డుల కోసం వచ్చేది ఆషాఢంలోనే. అలాంటి నెలలో, 42 వేలు పోసి కొత్తగా బిగించిన మిషను అది. వయసు ఐదు వారాలు. నా పద్దు ప్రకారం ఇది దాని 17వ ఏడుపు.

పద్దు అంటే నిజంగా పద్దే. ఆర్డర్ల పుస్తకం వెనకవైపు నుంచి తిప్పి, తేదీ, టైము, అప్పుడు నేనేం చేస్తున్నాను, తెర మీద ఏం పేరు పడింది, ఇవన్నీ రాస్తూ వచ్చాను. చివరికి నన్ను గట్టెక్కించింది ఆ పేజీలే. అయితే వాటిని సరిగ్గా చదవడానికి నాకు నెల పైనే పట్టింది.

మాది రాజోలు. పెళ్లయి వచ్చినప్పటి నుంచీ మెయిన్ రోడ్డు పక్క గదిలో డీటీపీ చేస్తున్నాను. శుభలేఖలు, కర్మకాండ కార్డులు, రొయ్యల మేత దుకాణాల బిల్లు పుస్తకాలు, ఎన్నికలొస్తే కరపత్రాలు. పాత మిషను విండోస్ 7. పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌కీ, 'అను' అనే తెలుగు ఫాంట్లకీ అది ఎక్కువే. కానీ ఇప్పుడు కార్డు మీద జంట ఫొటో కావాలి, వాట్సాప్‌లో పంపడానికి పాటతో వీడియో కావాలి. పాత మిషను ఒక వీడియో తయారు చేసేలోపు నేను అన్నం వండి వార్చుకుని రావచ్చు.

హైదరాబాదులో ఉద్యోగం చేసే మా తమ్ముడు లిస్టు రాశాడు. రైజెన్ 5 5600జీ ప్రాసెసరు. గ్రాఫిక్స్ అందులోనే ఉంటాయి కాబట్టి వేరే కార్డు కొనక్కర్లేదు, ఆ రోజుల్లో గ్రాఫిక్స్ కార్డుల ధరలు వింటేనే భయమేసేది. బీ550 బోర్డు, 8 జీబీ రామ్‌లు రెండు జతగా (మిషను పని చేస్తూ వాడుకునే తాత్కాలిక మెమరీ), 500 జీబీ ఎన్‌వీఎంఈ డిస్కు, 550 వాట్ల ఎస్ఎంపీఎస్ (కరెంటు సరఫరా డబ్బా). మానిటర్ పాతదే. అన్నీ అక్కడే కొని, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు.

వాడు వచ్చింది మే నెలాఖరున. అమలాపురం గొడవలు జరిగి జిల్లాలో మొబైల్ నెట్ ఆపేసిన రోజులు. దాదాపు రెండు వారాలు మాకు నెట్ లేదు. నా షాపులో నెట్ అంటే ఫోన్ హాట్‌స్పాటే. అందుకని విండోస్ 10, డ్రైవర్లు (ఒక్కో సామానునీ విండోస్ చేత నడిపించే ప్రోగ్రాములు) అన్నీ వాడు పెన్‌డ్రైవ్‌లో వేసుకొచ్చాడు. రోహిణి కార్తె ఎండ, హాల్లో చాప పరిచి బిగిస్తుంటే వాడి ముక్కు మీంచి చెమట బోర్డు మీద పడుతుందేమోనని నేను తువ్వాలు పట్టుకుని పక్కన నిలబడ్డాను. సాయంత్రానికి వెలిగింది. మావయ్యగారు కొబ్బరికాయ కొట్టారు. మర్నాడు తమ్ముడు అమ్మవాళ్లింటికి వెళ్లిపోయాడు. నాలుగో రోజు మొదటి నీలం తెర.

విండోస్ నడవలేక ఆగిపోయినప్పుడు ఆ నీలం తెర మీద తప్పు పేరు ఒకటి పడుతుంది. మొదట్లో ఆ పేరు చదివే లోపే రీస్టార్ట్ అయిపోయేది. సిస్టమ్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్, అందులో స్టార్టప్ అండ్ రికవరీ అని ఉంటుంది. అక్కడ ఆటోమేటికల్లీ రీస్టార్ట్ ముందున్న టిక్కు తీసేస్తే తెర అలాగే నిలబడుతుంది, నెమ్మదిగా రాసుకోవచ్చు. ఆ సంగతి తమ్ముడు చెప్పాక నా పద్దు మొదలైంది.

మొదటిది మెమరీ మేనేజ్‌మెంట్. ఇది చూడగానే నేను రామ్ పోయిందేమో అన్నాను. "ఆ పేరు చూసి రామ్ అనుకోకూడదక్కా, డ్రైవర్ తప్పుగా రాసినా అదే పేరు పడుతుంది" అన్నాడు వాడు. అది అబద్ధం కాదు. విండోస్‌లోనే ఉన్న మెమరీ డయాగ్నస్టిక్ నడిపించాడు, ఏ లోపమూ కనబడలేదంది. దాంతో రామ్ మాట అటకెక్కింది. ఇప్పుడు తలుచుకుంటే, మేం నెల రోజులు పోగొట్టుకున్నది ఆ ఒక్క సర్టిఫికెట్ వల్లే. అది పైపైన చూసి పంపించే పరీక్ష. అందులో తప్పు దొరికితే నమ్మాలి గానీ, దొరక్కపోతే నిశ్చింతగా పడుకోకూడదు.

రెండోసారి ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్. మూడోసారి పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా. తర్వాత సిస్టమ్ సర్వీస్ ఎక్సెప్షన్, మళ్లీ మెమరీ మేనేజ్‌మెంట్, ఆ తర్వాత కెర్నల్ సెక్యూరిటీ చెక్ ఫెయిల్యూర్. ఒకరోజు కార్డు కొడుతుంటే, ఒకరోజు వీడియో తయారవుతుంటే, ఒకరోజు నేను భోజనానికి వెళ్లి వచ్చేసరికి ఏ పనీ లేకుండా ఖాళీగా కూర్చుని.

ఇంట్లో అందరికీ ఒక్కో ముద్దాయి దొరికారు. మా ఆయనకి పేజ్‌మేకర్ మీద అనుమానం. ఇరవై ఏళ్ల నాటి సాఫ్ట్‌వేర్ కొత్త మిషన్‌లో ఎక్కిస్తే ఇలాగే ఉంటుందన్నారు. కానీ మామూలు ప్రోగ్రాములకి విండోస్‌ని కూల్చేంత అధికారం ఉండదట. పేజ్‌మేకర్ పడితే అదొక్కటే పడుతుంది, మిగతావి నడుస్తూనే ఉంటాయి. మొత్తం మిషనే నీలం వేసిందంటే కెర్నల్ (విండోస్ గుండెకాయ) దగ్గర పని చేసేదేదో, అంటే డ్రైవరో సామానో, తప్పు చేసినట్టు. ఈ మాట తమ్ముడు ఫోన్‌లో చెప్పినా మా ఆయన ఒప్పుకోలేదు. ఇప్పటికీ పేజ్‌మేకర్ తెరిస్తే నా వైపు అదోలా చూస్తారు.

తమ్ముడి ముద్దాయి డ్రైవర్లు. నెట్ వచ్చాక వాడు హైదరాబాదు నుంచే నా మిషన్‌లోకి వచ్చి సి డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్, అందులో మినీడంప్ అనే ఫోల్డర్ తెరిచాడు. తెర నీలమైన ప్రతిసారీ అందులో ఒక చిన్న ఫైలు పడుతుంది, శవ పంచనామా లాంటిది. దాన్ని బ్లూస్క్రీన్‌వ్యూ అనే చిన్న ప్రోగ్రాములో తెరిస్తే ఏ ఫైలు దగ్గర పడిపోయిందో గులాబీ రంగులో చూపిస్తుంది. మొదటి దాంట్లో వైఫై డాంగిల్ డ్రైవరు. దాన్ని పీకేశాం. తర్వాత దాంట్లో గ్రాఫిక్స్ డ్రైవరు. కొత్తది వేశాం. ఆ తర్వాత దాంట్లో ఎన్‌టీఓఎస్‌కేఆర్‌ఎన్‌ఎల్. ఇది దొరికిందని వాడు సంబరపడితే నేనూ సంబరపడ్డాను. రెండు రోజుల తర్వాత వాడే నాలుక్కరుచుకున్నాడు. అది విండోస్ కెర్నలే. ఊరిపెద్ద లాంటిది, గొడవ ఎవరిదైనా పంచాయితీ ఆయన అరుగు మీదే జరుగుతుంది. అంతమాత్రాన ఆయన గొడవ పెట్టుకున్నట్టు కాదు.

మావయ్యగారి ముద్దాయి కరెంటు. ఈ విషయంలో ఆయన్ని తప్పుపట్టలేను, ఎందుకంటే చెప్పుల్లేకుండా క్యాబినెట్ ముట్టుకుంటే వేళ్లకి జివ్వుమనేది. కరెంటు పని చేసే అబ్బాయిని పిలిచాం. వాడు టెస్ట్ ల్యాంపు తెచ్చి ఫేజుకీ న్యూట్రల్‌కీ పెడితే బల్బు భగ్గున వెలిగింది. ఫేజుకీ ఎర్త్‌కీ పెడితే చీకటి. "మూడో కన్నం ఉత్తిదేనండి అక్కగారూ, లోపల వైరు లేదండి ఆయ్" అన్నాడు. వైరు ఉంది గానీ, పెరట్లో ఎర్త్ పైపుకి బిగించిన క్లాంపు తుప్పు పట్టి రాలిపోయింది. మాకు సముద్రం దగ్గర, గాలిలో ఉప్పుంటుంది, ఇనుము ఏదీ పదేళ్లు ఆగదు. పక్కనే కొత్త గొయ్యి తీసి, బొగ్గూ ఉప్పూ వేసి, కొత్త పైపు దింపి, రాగి వైరు లాగాడు. రెండు వేల పైన అయింది. 600 వీఏ యూపీఎస్ ఒకటి కొన్నాం. జివ్వుమనడం ఆ రోజుతో ఆగింది. ఎర్త్ లేనప్పుడు ఎస్ఎంపీఎస్ ఉన్న ఇనప క్యాబినెట్లు అలా కాస్త జివ్వుమంటాయట, దానికీ నీలం తెరకీ చుట్టరికం లేదు.

ఆ రాత్రే మళ్లీ పడింది.

ఇక్కడ నాకు కాస్త బుర్ర తిరిగింది. కరెంటు పోతే, లేదా ఎస్ఎంపీఎస్ చేతులెత్తేస్తే, మిషనుకి నీలం తెర వేసే తీరిక ఎక్కడిది? తెర టక్కున నల్లబడుతుంది, అంతే. విండోస్ తన చిట్టా చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 అని రాసి ఉంటుంది. మా మిషన్‌లో కూడా ఆ 41 ఉంది, మావయ్యగారికి అందులో పవర్ అనే మాట చూపిస్తే "చూశావా" అన్నారు. కానీ మిషను సరిగ్గా షట్‌డౌన్ కాకుండా మళ్లీ లేచిన ప్రతిసారీ ఆ నంబరు పడుతుంది. లోపల బగ్‌చెక్ కోడ్ అని ఇంకో గడి ఉంటుంది. అక్కడ సున్నా ఉంటే కరెంటునో ఎస్ఎంపీఎస్‌నో అనుమానించాలి. మావాటిల్లో సున్నా ఒక్కటీ లేదు.

ఇక తమ్ముడు విండోస్ మొత్తం తీసి కొత్తగా వేద్దామన్నాడు. పాలకొల్లులో కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడొకడున్నాడు, నా దగ్గరే విజిటింగ్ కార్డులు కొట్టించుకుంటాడు. ఒక ఆదివారం వాడొచ్చి మొదలుపెట్టాడు. ఫైళ్లు ఎక్కుతూ ఎక్కుతూ సగంలో ఆగి, కావలసిన ఫైలు పాడైంది లేదా లేదు అని 0x80070570 నంబరు చూపించింది. పెన్‌డ్రైవ్ బాగాలేదన్నాడు. వేరే పెన్‌డ్రైవ్ పెడితే ఈసారి వేరే చోట ఆగింది. మూడోసారి ఏ గొడవా లేకుండా పూర్తయింది. "వచ్చేసిందండి" అని టీ తాగి వెళ్లిపోయాడు. ఆ పెన్‌డ్రైవ్‌తోనే ఆ వారం ఇంకో మూడు మిషన్లకి విండోస్ వేశాడట, ఎక్కడా ఆగలేదు.

మర్నాడు ఇంకోటి. శివకాశి డిజైన్ల జిప్ ఫైలు తెరిస్తే సీఆర్‌సీ ఎర్రర్. పాడైపోయిన ఫైలు పంపారనుకుని విసుక్కుని, ఎందుకో మళ్లీ తెరిచాను. శుభ్రంగా తెరుచుకుంది. అదే ఫైలు, అదే డిస్కు.

పెద్దాయన లేచి వెళ్లిపోయిన ఆ సాయంత్రం షట్టర్ సగం దించుకుని పద్దు ముందేసుకుని కూర్చున్నాను. నాకు కంప్యూటర్ లోపలి సంగతులు తెలియవు. ప్రూఫు చూడటం తెలుసు. వెయ్యి కార్డులు కొట్టాక అన్నిట్లోనూ ఒకే చోట ఒకే తప్పుంటే అది మేటర్లో తప్పు, ట్రేసింగ్ మళ్లీ తీసుకోవాలి. ఒక్కో కార్డు మీద ఒక్కో చోట మచ్చ పడుతుంటే మాత్రం మేటర్‌ని ఎన్నిసార్లు దిద్దినా లాభం లేదు. ఇంకులో నలక పడి ఉంటుంది, లేదంటే కార్డుల కట్టే దుమ్ము పట్టి ఉంటుంది.

నా పద్దులో 17 ఏడుపులు. ఐదు రకాల పేర్లు. పంచనామాలో ఆరేడు ఫైళ్లు. కొత్త విండోస్ వేసినా అంతే. విండోస్ ఎక్కుతుండగానే తప్పు, అప్పటికి అందులో మేం వేసిన డ్రైవరంటూ ఒక్కటీ లేదు. జిప్ ఫైలు ఒకసారి తప్పు, ఒకసారి ఒప్పు. డ్రైవరు పాపమైతే అదే పేరు, అదే ఫైలు మళ్లీ మళ్లీ రావాలి కదా. ఇది మేటర్ తప్పు కాదు, ఇంకు తప్పు.

తమ్ముడికి ఫోన్ చేసి ఇదే మాట చెప్పాను. వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. "మెమ్‌టెస్ట్86 వేద్దామక్కా. మొదటి రోజే వెయ్యాల్సింది" అన్నాడు. రామ్ అని మొదట అన్నది నేను, కాదన్నది వాడు. తిట్టాల్సింది నేనే వాణ్ని.

అది విండోస్‌లో నడిచేది కాదు. పెన్‌డ్రైవ్‌లోంచే మిషను లేచి, రామ్ మొత్తం మీద రకరకాల వరసల్లో ఒకట్లూ సున్నాలూ రాసి, మళ్లీ చదివి, రాసిందే వచ్చిందా అని సరిచూస్తుంది. ఉచితంగా ఇచ్చేదాంట్లో నాలుగు సార్లు తిరుగుతుంది. మా 16 జీబీకి నాలుగు గంటల పైనే. రాత్రి పదింటికి పెట్టి పడుకుంటే రెండింటికి కరెంటు పోయింది. యూపీఎస్ పావుగంట మోసి చేతులెత్తేసింది. మధ్యలో ఆగితే మళ్లీ మొదటికే. మర్నాడు రాత్రి కూడా అంతే. మూడో రాత్రి మావయ్యగారు ఇన్వర్టర్ మీద ఫ్యాన్లన్నీ ఆపించి, ఆ లైను నా గదికి ఇప్పించారు. ఇంటిల్లిపాదీ వరండాలో దోమతెరల్లో పడుకున్నాం.

తెల్లవారుజామున లేచి చూస్తే తెర మీద ఎర్ర గీతలు. 312 తప్పులు. ప్రతి గీతలోనూ రాసింది ఇది, చదివితే వచ్చింది ఇది అని రెండు అంకెలు పక్కపక్కన. రెండిటికీ తేడా చాలాచోట్ల ఒక్క బిట్టు. ఒక్క సున్నా ఒకటయింది, అంతే. ఒక్క బిట్టుకి ఇంత గొడవా అనుకునేవాళ్లు నా షాపులో ఒక నెల కూర్చోవాలి. వధువు అనే మాటలో ఒక గుడి చేరి రెండు కొమ్ములు జారితే ఏమవుతుందో, ఆ కార్డు పంచిన ఇంట్లో ఏమవుతుందో ఊహించుకోండి.

పేర్లు ఎందుకు మారుతున్నాయో కూడా తమ్ముడు ఆ పొద్దున్నే చెప్పాడు. వాడు చెప్పింది నాకు రేవు మెట్లలా అర్థమైంది. మా అమ్మవాళ్ల ఊరి కాలవ రేవులో నాలుగో మెట్టు పాచి పట్టి ఉండేది. బిందె తెచ్చినవాళ్లు పడేవాళ్లు, బట్టలు తెచ్చినవాళ్లు పడేవాళ్లు, గేదెని కడగడానికి దిగినవాళ్లు పడేవాళ్లు. ఊళ్లో మాత్రం "ఫలానావాళ్లమ్మాయి పడిందట" అని పడ్డవాళ్ల పేరే తిరిగేది, మెట్టు పేరు ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. రామ్‌లో పాడైన చోటు ఒక్కటే. అక్కడ ఒకసారి వైఫై డ్రైవరు కాలు పెట్టింది, ఒకసారి గ్రాఫిక్స్, ఒకసారి జిప్ ఫైలు, ఒకసారి కెర్నలే పెట్టింది. మేం పడ్డవాళ్లని పట్టుకుని కొట్టాం. ఈ ప్రాసెసర్లో గ్రాఫిక్స్ కూడా రామ్‌లోనే కాస్త చోటు అద్దెకి తీసుకుంటాయి. ఒకసారి పెళ్లికొడుకు షేర్వాణీ మీద ఆకుపచ్చ చుక్కలు కనబడి, ఫొటోగ్రాఫర్‌తో ఫోన్‌లో పోట్లాడాను. పాపం ఆయన ఫొటోలో ఏమీ లేదు. ఇప్పుడు చదువుతుంటే, క్షమించండి.

ఎర్ర గీతలు వచ్చినంత మాత్రాన రామ్ పాడైపోయిందని కూడా తేల్చకూడదట. మాది 3200 వేగం రామ్. కానీ మామూలుగా పెడితే 2666 మీదే నడుస్తుంది. 3200 రావాలంటే బయాస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే బోర్డు సెట్టింగుల్లో) ఎక్స్‌ఎంపీ ఆన్ చెయ్యాలి, అప్పుడు వోల్టేజీ కూడా 1.2 నుంచి 1.35 వోల్ట్‌లకి పెరుగుతుంది. తమ్ముడు బిగించిన రోజే ఆన్ చేశాడు. రామ్ బాగానే ఉన్నా ఆ వేగం దగ్గర బోర్డుకీ దానికీ కుదరక తప్పులు రావచ్చు. ఆపేసి మళ్లీ నడిపాం. 312 కాస్తా 9 అయ్యాయి. తొమ్మిదే కదా అని మా ఆయన ఊరుకోమన్నారు. ఇందులో పాస్ మార్కులుండవు, ఒక్కటి వచ్చినా తప్పే.

తర్వాత ఒక్కో రామ్‌నీ విడిగా చూడాలి. రెండూ కవలల్లా ఉన్నాయి, మధ్యలో కలిసిపోతే పని మొదటికొస్తుంది. గుర్తుకి ఒకదాని మీద ఎర్ర స్టిక్కర్ బొట్టు అంటించాను. ఫొటో పంపిస్తే తమ్ముడు పొట్ట పట్టుకుని నవ్వాడు. ప్రాసెసర్ పక్క నుంచి లెక్కపెడితే రెండో గాట్లో (స్లాట్లో) ముందు బొట్టు లేనిది పెట్టాం. నాలుగు రౌండ్లూ సున్నా. అదే గాట్లో బొట్టుది పెట్టాం. పది నిమిషాల్లో ఎర్ర గీత. గాటే పాడైందేమోనని బొట్టుదాన్ని నాలుగో గాట్లో పెట్టాం, అక్కడా ఎర్రగీత. బొట్టు లేనిది నాలుగో గాట్లో కూడా శుభ్రం. అప్పటికి గానీ నేను టీ తాగలేదు.

మధ్యలో పాలకొల్లు కుర్రాడు, రామ్ కాళ్లని పెన్సిల్ రబ్బరుతో రుద్దితే బాగవుతుందన్నాడు. పాత మిషన్లకి నేనూ రుద్దాను, ఉప్పుగాలికి కాళ్లు నల్లబడితే ఆ వైద్యం పని చేస్తుంది. ఇది నెల వయసుది, కాళ్లు బంగారంలా మెరుస్తున్నాయి. అయినా వాడి తృప్తి కోసం రుద్దాం. చిప్పు లోపల చెడితే బయట రుద్ది ఏం లాభం?

కంపెనీకి ఎర్రగీతల ఫొటో పెట్టి రాస్తే ఒప్పుకున్నారు, మారుస్తామన్నారు. కానీ జతగా కొన్నవి కాబట్టి రెండూ పంపాలన్నారు. బాగున్నది కూడా! ఆషాఢం సగం అయింది, బల్ల మీద 23 కార్డుల పని, మిషన్‌లో రామ్ లేకుండా నేనేం చెయ్యను? మా ఆయన బండి మీద పాలకొల్లు వెళ్లి కుర్రాడి దగ్గర పాత 8 జీబీ రామ్ ఒకటి అద్దెకి తెచ్చారు. అద్దె అంటే డబ్బులు కాదు, వాడి షాపుకి 500 బిల్లు పుస్తకాలు కొట్టివ్వడం. అది పెట్టగానే ముందు మెమ్‌టెస్ట్ నడిపించాను. సున్నా. జులై 11, సోమవారం, రెండు రామ్‌లనీ కొరియర్‌లో పంపాం. బొట్టు తియ్యలేదు, ఏది పాడైందో వాళ్లకీ తెలుస్తుందని.

ఆ వారమే గోదారొచ్చింది. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగిరింది, 25 లక్షల క్యూసెక్కులు దాటిందన్నారు. లంకల్లోని చుట్టాలు ఇద్దరు పిల్లలతో మా ఇంటికొచ్చేశారు. మావయ్యగారు 1986నీ, మా ఆయన 2006నీ తవ్వుకుంటూ కూర్చున్నారు, ఎవరి వరద గొప్ప వాళ్లకి. రాత్రిళ్లు ఏటిగట్టు మీద ఇసక బస్తాలతో కాపలా. చించినాడ వంతెన మీద జనం నిలబడి వశిష్టలో ఎర్రనీళ్లు చూస్తున్నారు. కొబ్బరితోటలు మొదళ్ల దాకా మునిగి తలకాయలు మాత్రమే కనబడుతున్నాయి. అప్పుడు నా రామ్‌లు ఏ గోడౌన్లో ఉన్నాయో అడగడానికి కూడా సిగ్గేసింది. కరెంటు ఉన్నంతసేపూ పాలకొల్లు రామ్‌తో కార్డులు కొట్టాను. 8 జీబీ మీద వీడియోలు నెమ్మదిగా అయ్యాయి గానీ, పడలేదు. ఒక్కసారి కూడా.

ఆ రోజుల్లోనే ఇంకో పని చేశాను, అది చెప్పడం మర్చిపోకూడదు. జూన్‌లో ఆ మిషను మీద సేవ్ చేసిన ఫైళ్లన్నీ ఒక్కోటి తెరిచి ప్రింటు తీసి చదివాను. నీలం తెర కనీసం ఏడుస్తుంది, మనకి తెలుస్తుంది. పాడైన మెట్టు మీంచి జారి, ఏమీ ఎరగనట్టు డిస్కులోకి వెళ్లి కూర్చునే తప్పులుంటాయే, వాటితోనే నాకు నిద్ర పట్టలేదు. రెండు ఫైళ్లు తెరుచుకోలేదు, మళ్లీ కొట్టాను. మిగతావాటిల్లో అక్షరాలు బాగానే ఉన్నాయి. పెద్దాయన మనవరాలి కార్డు మాత్రం కొత్త ఫైల్లో మొదట్నుంచీ కొట్టాను. ఆయన ఆ ఏడుపు చూసిన మర్నాడే తొమ్మిదీ పదికి వచ్చి, నేను పేరు పూర్తి చేసేదాకా తెర వైపే చూస్తూ కూర్చున్నారు. ఆ రోజు మిషను పడలేదు. ఎందుకంటే ఆయనకి తెలియకుండా పాత విండోస్ 7 మిషను బల్ల మీదకి మార్చాను.

కొత్త రామ్‌లు ఆగస్టు మొదటి వారంలో వచ్చాయి. అట్టపెట్టె ఒక మూల తడిసి ఆరిన గుర్తు, లోపల మాత్రం బాగానే ఉన్నాయి. రెండూ కొత్తవే, బొట్టు లేదు. పెట్టి, నాలుగు రౌండ్లు తిప్పి, సున్నా చూసుకుని, అప్పుడు విండోస్ ఇంకోసారి మొత్తం కొత్తగా వేయించాను. పాడైన రామ్ మీద ఎక్కిన విండోస్‌ని నేను నమ్మను.

ఇవాళ డిసెంబరు 10. పద్దులో ఆ పేజీ కింద నాలుగు నెలలుగా ఏమీ రాయలేదు. తమ్ముడు ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతాడు, "ఎక్స్‌ఎంపీ ఆన్ చేశావా అక్కా, ఊరికే వేగం పోతోంది" అని. 3200కి డబ్బులిచ్చి 2666 మీద నడుపుకుంటున్నానని వాడి బాధ. మాఘమాసం కార్డులు అప్పుడే రావడం మొదలైంది. అవన్నీ అయ్యాక చూద్దాంలేరా అన్నాను.